ఏడో కప్పు

మరిగే నీళ్ళు పోసేటప్పుడు యొనెకో చెయ్యి వణకదు. ఈమధ్య కత్సుమతకి అది కూడా కంటగింపుగా ఉంది.

ఉత్తరపు కిటికీ కింద నల్లబల్ల మీద పన్నెండు తెల్ల పింగాణీ కప్పులు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క దానిలో మూడేసి గ్రాముల కొత్త ఆకు. మొదటి కప్పు నుంచి పన్నెండో కప్పు దాకా ఆమె చేతిలో కెటిలు ఆగకుండా సాగిపోయింది. అన్నిటిలోనూ నీళ్ళు ఒకే మట్టానికి వచ్చి నిలిచాయి. బల్ల మీద చుక్క పడలేదు.

పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఆమె పని అదే. నీళ్ళు కాచడం, పొయ్యడం, కప్పులు కడగడం. జపాన్‌లో షిజువొకా ఊరి చుట్టుపక్కల తోటల నుంచి వచ్చిన టీలు రుచి చూసి, ఏది కొనాలో, దేనిలో దేన్ని ఎంత కలపాలో తేల్చే పని కత్సుమతది. అతనికి అరవై ఒకటి నడుస్తోంది. అన్‌జాయ్ వీధిలో టీ వ్యాపారులు అతన్ని పేరుపెట్టి పిలవరు, మాస్టారు అంటారు.

"ముందు నువ్వు చూడు," అన్నాడతను. "నేర్చుకుందువుగాని."

యొనెకో తడి చేతులు ఏప్రానుకి తుడుచుకుని జల్లి గరిటె అందుకుంది. మొదటి కప్పులో ఆకుని పైకెత్తి, ఆవిరిలోకి వంగి, ఒక్కసారి పీల్చి వదిలేసింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. కత్సుమత చెవిసందులో పెన్సిలు పెట్టుకుని, వీధిలోకి చూస్తున్నట్టు నిలబడి, కిటికీ అద్దంలో ఆమె మొహం చూస్తున్నాడు.

ఫిబ్రవరిలో వచ్చిన జ్వరం వారంలో తగ్గిపోయింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. చేదు, తీపి, వగరు నాలుకకి ఇంకా తెలుస్తున్నాయి. తెలియనిదంతా ఈ మూడు నెలలుగా యొనెకో మొహంలో చదువుకుంటున్నాడు. వాసన బాగుంటే ఆమె కనురెప్పలు కొంచెం దిగుతాయి. బాగుండకపోతే మొహంలో ఏ మార్పూ ఉండదు, కానీ కప్పుని ఒక వేలెడు వెనక్కి జరుపుతుంది. ఈ రెండు గుర్తులతోనే అతను ఈ ఏటి కొత్త టీ కొనుగోలు నడిపిస్తున్నాడు. ఆమెకి తెలియకుండా ఆమె నుంచి దొంగిలిస్తున్నానని అతనికి తెలుసు. అందుకు ఆమె మీదే కోపం వచ్చేది.

ముప్పై ఏడేళ్ళు అతను సిగరెట్టు ముట్టలేదు, వెల్లుల్లి తినలేదు. వాసన లేని సబ్బుతోనే ఒళ్ళు రుద్దుకున్నాడు. ఈవిడ మధ్యాహ్నం ముల్లంగి ఊరగాయ నములుతుంది, ఎండుచేప కాల్చుకు తింటుంది, తువ్వాలులో బర్రున ముక్కు చీదుతుంది, వచ్చి కప్పు మీదికి వంగుతుంది. అయినా ఆ ముక్కుకి ఒక్క వాసనా తప్పిపోదు.

తలుపు తోసుకుని యజమాని ఒమురా లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, తండ్రి పోయాక నాలుగేళ్ళుగా వ్యాపారం చూస్తున్నాడు. వస్తూనే బల్ల దగ్గరికి వంగి, "యొనెకో గారూ, ఈ నాలుగోది ఎలా ఉంది?" అన్నాడు.

అన్నాక కత్సుమత వైపు చూశాడు. కానీ ముందు ఆమెనే అడిగాడు.

నాలుగోది కవనె కొండల నుంచి వచ్చిన సెంచా. ఆవిరి తక్కువ పట్టించి, సూదుల్లా నలిపి ఆరబెట్టిన ఆకు. నీళ్ళు పచ్చటి పసుపులో అడుగు కనిపించేలా తేటగా ఉన్నాయి.

"నాకు మాటలు రావండీ," అంది యొనెకో. "కొండ మీద ఇంట్లో పొద్దున్నే తలుపు తీసినట్టు ఉంది."

ఒమురా నవ్వాడు. "మాస్టారూ, విన్నారా. డబ్బా మీద ఇదే అచ్చు వేయిద్దాం."

"కొండ మీద తలుపు తీస్తే వచ్చేది చలి," అన్నాడు కత్సుమత.

ఒమురా మళ్ళీ నవ్వి, టోక్యో డిపార్టుమెంటు స్టోరు వాళ్ళ కానుక పెట్టెలకి కలగలుపు సాయంత్రానికల్లా తేల్చమని చెప్పి వెళ్ళిపోయాడు. అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

"మాస్టారూ, ఏడోది చూశారా?" అంది యొనెకో. "యంత్రం నూనె వాసన. సన్నగా ఉంది, కానీ ఉంది."

ఏడో కప్పు వేలెడు వెనక్కి జరిగి ఉండటం అతను అప్పటికే చూశాడు. చెంచాతో తీసుకుని చప్పరించాడు. మకినొహరా మైదానపు టీ. ఎక్కువసేపు ఆవిరి పట్టించడంతో ఆకు పొడిపొడిగా విరిగి, నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా మబ్బుపట్టి ఉన్నాయి. వగరు లేదు. తీపి నాలుక మీద పూతలా నిలిచింది. నోటికి తెలిసినంతలో పన్నెండిటిలో దాన్ని మించింది లేదు.

"నూనె లేదు, ఏమీ లేదు. నీ తలకి రాసుకున్నదేమో."

యొనెకో చెయ్యి తలకట్టు దాకా వెళ్ళి ఆగింది. "నేను రాసుకోనండీ."

"ఏడోదే మొదటిది. కలగలుపుకి అదే ముఖ్యం." చెవిసందులోంచి పెన్సిలు తీసి చీటీ మీద రాశాడు. ఆమె మాట నిజమని రాస్తున్నప్పుడే తెలుసు. అయినా ఆమె మాట కాదని రాయడంలో గుండెల్లో ఏదో చల్లబడ్డట్టయింది. మూడు నెలల తర్వాత మొదటిసారి అతను సొంతంగా ఒక తీర్పు చెప్పాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళేసరికి భార్య హిసా వంటింట్లో మట్టిమూకుడు పట్టుకుని నిలబడి ఉంది. పోయినేటి బంచా, ముదురాకు, మిగిలిపోయింది. దాన్ని వేయించి హోజిచా చేస్తోంది. పొయ్యి పైన పొగ సన్నగా తిరుగుతోంది.

"ఇల్లంతా పట్టేసింది. కిటికీ తియ్యనా?" అంది.

"ఉండనీ. కమ్మగా ఉంది."

హిసా మూకుడు దించి, అతని వైపు తిరిగింది. "మాడిపోయిందండీ. అందుకే అడిగాను."

అతను తువ్వాలు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళిపోయాడు.

"ఆ జలుబు ఇంకా వదల్లేదా?" వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది.

"వదిలింది," అన్నాడు, తలుపు వేసుకుంటూ.

మర్నాడు కలగలుపు జరిగింది. ఏడో నంబరు బస్తాలు పెద్ద పీపాలో ముందు పోశారు. తర్వాత కవనె ఆకు, తర్వాత మరో రెండు. కత్సుమత దగ్గరుండి చూశాడు. యొనెకో మెట్ల దగ్గర కెటిలు పట్టుకుని నిలబడి, పీపా తిరగడం మొదలయ్యాక లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. ఏమైనా అంటే బాగుండేదనిపించింది అతనికి. అంటే తిట్టవచ్చు.

మధ్యాహ్నం ఒమురా గదికి వెళ్ళాడు.

"కింద కాడలు ఏరే దగ్గర మనుషులు చాలటం లేదట. యొనెకోని పంపుదాం."

"కొత్త టీ రోజుల్లోనా? మీకు ఇబ్బంది కదా మాస్టారూ. ఆవిడకి ముక్కు బాగా కుదిరిందని మీరే..."

"నేను అనలేదు. మీరన్నారు."

ఒమురా అతని మొహంలోకి చూశాడు. తండ్రి కాలం నుంచి ఉన్న మనిషి. "సరే, ఓ పది రోజులు పంపండి," అన్నాడు.

యొనెకోకి అతనే చెప్పాడు. ఆమె కప్పులు తుడుస్తోంది. తుడుస్తున్న కప్పు పూర్తయ్యాక బోర్లించి, "నీళ్ళు ఎవరు పోస్తారు?" అంది.

"నాకు చేతులున్నాయి."

"చేతులున్నాయి లెండి," అని ఏప్రాను విప్పి మేకుకి తగిలించింది.

కింద గదిలో యంత్రం ఆకుని ఊపి కాడల్ని వేరుచేస్తుంది. దాన్ని తప్పించుకున్న వాటిని ఆరుగురు ఆడవాళ్ళు చేత్తో ఏరతారు. ఆ కాడలతోనూ ఒక టీ చేస్తారు. వెల కాస్త తక్కువైనా, లేత రంగు, కొంచెం తీపి. కత్సుమత మెట్ల మీద నిలబడి విన్నాడు.

"ఏం అక్కా, మేడ దిగొచ్చావు? ముక్కుని పైనే తాళం వేసి వచ్చావా?" అని సురుయో అనే లావుపాటి ఆవిడ అడుగుతోంది.

"తెచ్చుకున్నాలేవే. పొద్దున నువ్వు ఉల్లికాడల పులుసు తాగావు. సోయా ఎక్కువైంది."

ఆరుగురూ నవ్వారు. యంత్రం చప్పుడుని మించిపోయింది ఆ నవ్వు. ముప్పై ఏడేళ్ళలో ఆ గదిలోకి తాను వెళితే నవ్వులు ఆగిపోవడమే కత్సుమత చూశాడు. వచ్చి గంట కాలేదు, ఆమెకి చోటు చేసి కూర్చోబెట్టుకున్నారు. అతను మెట్లెక్కి పైకి వచ్చేశాడు.

మూడోరోజు గదిలో ఒక్కడే ఉన్నాడు. కానుక పెట్టెలో మూడు డబ్బాలు పట్టాలి. గ్యొకురో, సెంచా, హోజిచా. సెంచా నిన్నే డబ్బాలకి ఎక్కి లారీలో వెళ్ళిపోయింది. మిగతా రెండూ ఈ పూట చూడాలి. నీళ్ళు తనే కాచాడు. పోస్తుంటే రెండు కప్పులకి మధ్య బల్ల తడిసింది. గుడ్డ ఎక్కడ ఉంటుందో తెలియక జేబురుమాలుతో తుడిచాడు.

పరీక్షకి ఏ టీకైనా మరిగే నీళ్ళే. అప్పుడే లోపాలు బయటపడతాయి. కానీ గ్యొకురోని అతను ఆ రోజు తాగేవాళ్ళలాగే చేసుకున్నాడు. నీళ్ళు ఒంటి వేడికి కాస్త పైన దాకా చల్లార్చి, ఆకు మునిగేంత పోసి, రెండు నిమిషాలు ఆగి, చివరి బొట్టు దాకా చిన్న గిన్నెలోకి వంచాడు. మూడు వారాలు ఎండ తగలకుండా కప్పి పెంచిన మొక్కల లేతాకు. నాలుక మీద చిక్కగా, తియ్యగా, కాస్త ఉప్పగా ఆనింది. ఇక్కడి దాకా ఎప్పటిలాగే ఉంది. ఆ తర్వాత ముక్కు వెనకనుంచి రావలసింది, ఆ నీడ వాసన, ఎక్కడా లేదు. అది లేని గ్యొకురో సముద్రపు నాచుతో కాచిన చారులా ఉంది. మంచి చారే. అన్నంలోకి బాగుంటుంది.

హోజిచా పోసుకున్నాడు. గోధుమరంగు వేడినీళ్ళు. మళ్ళీ పోసుకున్నాడు. వేడినీళ్ళే.

తర్వాత పని లేకపోయినా అలమరలోని డబ్బాలు ఒక్కొక్కటి తీశాడు. వేయించిన బియ్యం కలిపిన గెన్‌మైచాలో పంటికి తగిలిన గింజ చప్పుడు మాత్రం తెలిసింది. మచ్చా పొడి నీళ్ళలో చిలికితే నురుగు మెత్తగా పెదవికి తగిలింది, తర్వాత చేదు. కాడల టీ తియ్యగా ఉన్నట్టుంది, లేనట్టుంది. కళ్ళు మూసుకుని డబ్బాల వరస మార్చి తాగాడు. గ్యొకురోని పట్టుకున్నాడు. మచ్చాని పట్టుకున్నాడు. హోజిచా, బంచా, గెన్‌మైచాల మధ్య మూడుసార్లు తప్పాడు. నిన్న పనిలో చేరిన మనిషి కూడా ఆ మూడింటినీ తలుపు అవతల నుంచి చెప్పేస్తాడు.

ఒక పళ్ళెంలో హోజిచా ఆకు పోసుకుని మెట్లు దిగాడు. యొనెకో ముందు పెట్టి ఏదో మాటల్లో అడిగినట్టు అడుగుదామనుకున్నాడు. ఆమె వీపు అతని వైపు ఉంది. వేళ్ళు ఆకులో చకచకా తిరుగుతున్నాయి. సురుయో ఏదో చెబితే తల ఊపుతోంది. ఆమె అటు తిరిగి ఉంటే అతనికి చదవడానికి ఏమీ లేదు. పళ్ళెంతో సహా వెనక్కి వచ్చేశాడు. హోజిచా చీటీ మీద 'బాగుంది' అని రాశాడు.

ఐదోరోజు పొద్దున టోక్యో నుంచి ఫోను వచ్చింది. పదిన్నరకి ఒమురా కత్సుమతని తన గదికి పిలిచాడు. బల్ల మీద ఒకేలాంటి ఆకుపచ్చ డబ్బాలు రెండు, మూతలు తీసి ఉన్నాయి.

"సెంచా అంతా వెనక్కి పంపుతున్నారు," అన్నాడు ఒమురా. గొంతు పెంచలేదు. "నూనె కంపట. మన దగ్గర మిగిలింది తెప్పించి మూత తీశాను. గుమాస్తా కూడా పసిగట్టాడు. చూడండి."

కత్సుమత దగ్గరగా ఉన్న డబ్బా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు సగం మూశాడు. ముప్పై ఏడేళ్ళ అలవాటు మొహంలో దానంతటదే వచ్చి కూర్చుంది.

"ఊఁ. ఉంది. నూనే."

ఒమురా ఆ డబ్బా వైపు చూశాడు. ఓ క్షణం అతన్నే చూసి, "ఆ రోజు మీ ఇద్దరికీ తెలియలేదా?" అన్నాడు.

"యొనెకో ముందు చూసింది. ఏమీ అనలేదు."

మాట బయటికి వచ్చాక కానీ తానేమన్నాడో అతనికి వినపడలేదు. ఒమురా అప్పటికే కిందికి కబురు పంపాడు.

యొనెకో తలకట్టు మీద టీ దుమ్ముతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"యొనెకో గారూ, ఆ రోజు ఏడో నంబరు మీరు చూశారా?"

"చూశాను."

"నూనె వాసన తెలియలేదా?"

"తెలిసింది. చెప్పాను."

"మాస్టారు మీరు ఏమీ అనలేదంటున్నారు."

యొనెకో కత్సుమత మొహంలోకి చూడలేదు. అతని చేతిలో డబ్బా వైపు చూసింది. గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా నాలుగడుగుల దూరం ఉంటుంది.

"మాస్టారూ," అంది మెల్లగా, "మీ చేతిలో ఉన్నది పోయిన నెల డబ్బా. పోలికకి పెట్టినట్టున్నారు, అందులో నూనె లేదు. ఆ రెండోది."

కత్సుమత డబ్బాని బల్ల మీద పెట్టాడు. సరిగ్గా ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు.

"చెప్పింది," అన్నాడు. "ఈమె చెప్పింది. నేనే కాదన్నాను. నాకు వాసన తెలియదు. ఫిబ్రవరి జ్వరం నుంచి."

"జనవరి నుంచి," అంది యొనెకో.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"జనవరి ఆఖర్లో పాత గోనెలో బంచా వచ్చింది చూడండి, ముక్కిన వాసన. బాగుందని చీటీ రాశారు. జ్వరం తర్వాత మొత్తం పోయినట్టుంది కానీ, తగ్గడం అప్పుడే మొదలైంది."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఒమురా.

"నన్నెవరు అడిగారు? పైగా పని ఆగలేదు కదా." ఆమె తలకట్టు విప్పి దులపబోయి, యజమాని గది అని గుర్తొచ్చి మానేసింది. "మాస్టారు అద్దంలో చూస్తారు కదా. అందుకని బాగాలేనివి వెనక్కి జరుపుతూ వచ్చాను. ముందు నాకు అలా జరిపే అలవాటు లేదు. ఏడోదీ జరిపాను."

కత్సుమత కుర్చీ కోసం చెయ్యి చాపి కూర్చున్నాడు. దొరికిపోయినందుకు కాదు అతనికి మండింది. దొంగతనమైనా తనదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది కూడా ఆమె పెట్టిన భిక్షే. చివరికి తన ముక్కు పోయిన నెల కూడా తనకంటే ఆమెకే ముందు తెలిసింది.

ఒమురా రెండు డబ్బాలకీ మూతలు పెట్టాడు. "రేపు మకినొహరా వెళ్ళండి," అన్నాడు. "ఇద్దరూ. నూనె ఎక్కడ కారుతోందో తేలకపోతే రెండో కోతకీ ఇదే వస్తుంది. మిగతా సంగతి తర్వాత మాట్లాడదాం."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను వెనక సీటులో కూర్చున్నాడు. మైదానం పొడుగునా టీ వరసలు, మంచు పడకుండా గాలి తిప్పే పొడుగు స్తంభాల పంకాలు. అరగంట దాకా ఆమె మెడ వెనక చెమటకి అంటుకున్న వెంట్రుకలు చూస్తూ కూర్చున్నాడు. క్షమించమని అడగాలి. నోరు తెరిస్తే అది మరో మాటై వస్తుందని భయం వేసింది.

"ఇంట్లో చెప్పారా?" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

"నిన్న చెప్పాను."

"ఏమన్నారు?"

"మూకుడు మాడిన రోజే అర్థమైందట."

యొనెకో భుజాలు కదిలాయి. నవ్విందేమో అతనికి తెలియలేదు. "నీ మీద అబద్ధం చెప్పాను," అన్నాడు ఆ భుజాలతో.

"చెప్పారు," అంది ఆమె. "కాడలు ఏరి ఏరి వేళ్ళు పగిలాయి. అదీ మీ లెక్కలోనే వేసుకోండి."

ఏడో నంబరు ఆకు పంపిన ఇనాబా తన టీ మిల్లు వాకిట్లోనే ఎదురొచ్చాడు. అరవై దాటిన రైతు, రాత్రంతా నిద్రలేని కళ్ళు. కత్సుమతకి నడుం విరిగేలా వంగి దండం పెట్టాడు.

"మాస్టారూ, నా పరువు పోయింది. మీరే చూసి చెప్పాలి. యంత్రాలన్నీ మూడుసార్లు తుడిపించాను."

లోపల యంత్రాలు వరసగా ఉన్నాయి. ఆవిరి పట్టించేవి, నలిపేవి, ఆరబెట్టేవి. అటూ ఇటూ నడిచి, ఒకదాని దగ్గర ఆగి, ఊఁ అని, యొనెకో వేలు ఎటు కదిలిందో చూసి చెప్పెయ్యవచ్చు. ఇనాబాకి ఏమీ తెలియదు. ఒమురా కూడా ఇక్కడ లేడు. కత్సుమతకి ఆ ఆలోచన వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

"ఈమె చూస్తుంది," అన్నాడు.

"ఈవిడా?" ఇనాబా మర్యాదగానే నవ్వాడు. "నీళ్ళు పోసే ఆవిడ కదూ?"

"అవును. నా ముక్కు పోయింది. వాసన తెలియదు నాకు. ఈమెని అడగండి."

ఇనాబా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియనట్టు. యొనెకో చెప్పులు విప్పి లోపలికి నడిచింది. ఒక్కొక్క యంత్రం దగ్గర వంగి, లేచి, ముందుకి పోయింది. నలిపే యంత్రాల్లో మూడోదాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడే ఆపిన వేడి ఇరుసు కిందికి చెయ్యి పెట్టి తీసింది. చూపుడువేలు చివర నల్లగా, తడిగా ఉంది.

"ఇక్కడండీ. నూనె ఆపే పట్టీ చిట్లింది. వేడెక్కినప్పుడే కారుతోంది. చల్లగా ఉన్నప్పుడు తుడిస్తే కనపడదు."

ఇనాబా ఆ వేలుని చూశాడు, కత్సుమతని చూశాడు, తర్వాత ఆమెకి వంగి దండం పెట్టాడు. కత్సుమతకి పెట్టినంత లోతుగానే పెట్టాడు. కత్సుమత దాన్ని కొలిచినట్టు చూశాడు. కళ్ళు తిప్పుకోలేదు.

మధ్యాహ్నం మిల్లు పక్క అరుగు మీద కూర్చున్నారు. మరో వరస యంత్రాల్లో అప్పుడే ఆరి వచ్చిన, ఇంకా జల్లించనైనా జల్లించని ఆకుని ఇనాబా భార్య పాత్రలో వేసి, వేడినీళ్ళు పోసి తెచ్చింది. చెరో కప్పు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కత్సుమత తాగాడు. వేడి, తర్వాత కొంచెం వగరు, తర్వాత తీపి. అక్కడితో ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఏముంది, కొత్త టీ వాసన. మీకు తెలియనిదా మాస్టారూ?"

"తెలుసు. ఈ ఏడాదిది తెలియదు."

యొనెకో కప్పు మోకాలి మీద పెట్టుకుంది. అతను అద్దంలో కాకుండా ఆమె మొహంలోకి తిన్నగా చూస్తున్నాడు. ఆమె కాస్త ఇబ్బందిపడి, కప్పు మళ్ళీ ఎత్తి, మెల్లగా పీల్చింది.

"ముందు బఠానీలు ఒలిచినట్టు ఉంది," అంది. "పచ్చిగా. తర్వాత... ఉతికిన దుప్పటి ఎండలోంచి తెచ్చి మడత పెడతాం చూడండి, అది."

ఆ మాటలు తనకి ఎన్నడూ తట్టలేదు. ముప్పై ఏడేళ్ళు వాసన చూసిన ముక్కుకి ఒక్కసారి కూడా దుప్పటి తట్టలేదు. ఈర్ష్య మళ్ళీ వచ్చింది, అతను దాన్ని టీతో పాటు మింగాడు.

"ఇంకా?" అన్నాడు.

"ఇంకా ఏమిటి?"

"ఇంకా ఏమున్నాయో చెప్పు."

ఆమె చెబుతూ పోయింది. ఆగినప్పుడల్లా అతను "ఇంకా" అన్నాడు.